కళ్ళం మీద జెండా

పాడేరులో నేను ఖాళీ చేసిన కుర్చీలోకి ఈ మధ్య ఒక అమ్మాయి వచ్చిందని విన్నాను. ఆమెకు కుంచెలు, రంగు డబ్బాలు అక్కర్లేదు, కంప్యూటరు ఉంది. నేను వారం రోజులు కూర్చుని గీసే బొమ్మని ఆమె మధ్యాహ్నం భోజనం లోపే తయారు చేసేస్తుందట. సంతోషం. కానీ అబద్ధం గీయడానికి పట్టే సమయం తగ్గిందంటే, గీసే ముందు ఆలోచించుకునే సమయమూ తగ్గినట్టే. అందుకని ఆ అమ్మాయి కోసం, ఇలాంటి ఉద్యోగాల్లో కొత్తగా చేరే మరికొందరి కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి ఏమీ రాయను. రెండే వచ్చాయి. ఆ రెండూ రాకపోయినా నేను ఇంతే ఉండేవాణ్ణి.

మూల మనిషి

గిరిజనుల మంచి చెడ్డలు చూసే ఒక ఆఫీసులో నేను ఆర్టిస్టుగా ఉండేవాణ్ణి. ఆఫీసు పేరు రాయను, తప్పు నాది కాబట్టి. ఏం పని చేసేవాడివని మా ఊళ్ళో ఎవరైనా అడిగితే బొమ్మలేస్తాననేవాణ్ణి. నిజానికి చేసింది దోమతెర కింద నవ్వుతూ పడుకున్న కుటుంబాన్ని గోడల మీద గీయడం, మంత్రి వస్తే స్వాగత ద్వారం కట్టడం, ఎగ్జిబిషన్ స్టాలుకి అట్టముక్కతో కాఫీ మొక్క తయారు చేయడం. వీటన్నిటి కంటే ఎక్కువసార్లు గీసింది మాత్రం దేశం పుట్టిన బొమ్మ.

ఆగస్టు వచ్చిందంటే ఆ బొమ్మ కావాలి. దాని కూర్పు ఎప్పుడూ ఒకటే. మధ్యలో కోట బురుజు, దాని మీద జెండా, చుట్టూ తెల్ల పావురాలు, వెనక ఉదయించే సూర్యుడు. స్వాతంత్ర్యం వచ్చింది అర్ధరాత్రి అని చిన్న పిల్లలకి కూడా తెలుసు. అయినా సూర్యుడు లేకపోతే పై అధికారి ఒప్పుకోడు. కింద నాగలి పట్టిన రైతు, తుపాకీ పట్టిన సైనికుడు, పలక పట్టిన పాప. కుడివైపు కింది మూలలో ఒక గిరిజనుడు. తలకి ఈక, చేతిలో విల్లు, నోరు తెరిచి జెండా వైపు చూస్తూ ఉంటాడు. ఆ మూల మనిషి లేకపోతే మా ఆఫీసులో బొమ్మ పాసయ్యేది కాదు.

సంత రోజున మా కిటికీ లోంచి చూస్తే జీపుల్లోంచి మనుషులు దిగుతుండేవారు. భుజాన మిరియాల మూట, చెవి దగ్గర సెల్‌ఫోను, పిల్లలకి జిలేబీ పొట్లం. ఈక ఒక్కరికీ లేదు. వాళ్ళని చూస్తూ టీ తాగి, లోపలికి వచ్చి మళ్ళీ ఈక గీసేవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు గీయడం నాకు రాక కాదు. ఎవరూ అడగలేదు, నేనూ గీయలేదు.

మా అటెండరు సింహాచలం చోడవరం వైపు మైదానం మనిషి. నా బొమ్మని రోజూ చూసేవాడు అతనొక్కడే. ఒకరోజు గ్లాసు బల్ల మీద పెడుతూ అడిగాడు.

"సన్యాసిరావు గారూ, ఆడేటండీ, ఎప్పుడు సూసినా నోరు తెరుసుకునే ఉంటాడు? పన్ను నొప్పా ఏటి?"

నవ్వేశాను. నా సర్వీసు మొత్తంలో నా పని మీద వచ్చిన సరైన విమర్శ అదొక్కటే. అప్పుడు దాన్ని జోకు అనుకున్నాను.

ఎగరలేదని కాగితం ఉందా?

స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్ళ పండగ దగ్గర పడుతోంది. మా ఆఫీసరు విశ్వేశ్వరరావు గారు చెడ్డవారు కాదు. సెలవు అడిగితే ఇచ్చేవారు, ఎవరింట్లో చావొచ్చినా ముందు వెళ్ళేవారు. ఉత్సవం అనే మాట వింటే మాత్రం ఆయన కుర్చీలో నిలిచేవారు కాదు. నన్ను పిలిచారు.

"ఎన్నాళ్ళండీ సన్యాసిరావు గారూ, ఆ ఢిల్లీ బొమ్మే గీస్తారు? మనకీ ఒక ఘట్టం ఉండాలి. ‘మన్యంలో తొలి జెండా’. ఎలా ఉంది?"

"బాగుందండీ. ఎక్కడ ఎగిరిందండీ?"

"ఎక్కడో ఒకచోట ఎగిరే ఉంటుంది కదా."

"ఎవరైనా చెప్పారాండీ? కాగితం ఏదైనా..."

"ఎగరలేదని కాగితం ఉందా?"

"లేదండీ."

"మరి!"

దీనికి జవాబు నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తోచలేదు. కింద చిన్న అక్షరాలతో ‘ఊహాచిత్రం’ అని రాస్తానని మాత్రం అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. "ఊహని ఫ్రేము కట్టించుకుని గోడకి ఎవరు పెట్టుకుంటారండీ?" అన్నారు. నేను రాయలేదు. ఆ మాట రాయడానికి బొమ్మ కింద వేలెడు జాగా చాలు. అమ్మాయీ, ఆ వేలెడు జాగా కోసం మటుకు పోట్లాడు. మిగతా వాటికి లొంగిపోయినా ఫరవాలేదు.

ఘట్టానికి చోటు కావాలి. నా పాత స్కెచ్ పుస్తకం తిరగేస్తే ఒకటి దొరికింది. జి.మాడుగుల దాటాక కొండ మీద ఒక చిన్న ఊరు. మెట్లు మెట్లుగా పొలాలు, వెనక పైన నొక్కుపడ్డ కొండ, పొలాల మధ్య పెళ్ళి పందిరంత వెడల్పున ఒక బల్లరాయి. అయిదిళ్ళ వాళ్ళు చోళ్ళు (అదే, రాగులు), సామలు, నూనెకి వాడే వలిసెలు నూర్చుకునే కళ్ళం అదే. నేను వెళ్ళిన రోజు వంతల చిలకమ్మ అనే ఆవిడ దాని మీద చోళ్ళు కొడుతోంది. రాయి బాగుంది కదా అని ఎక్కబోయాను.

"బాబూ, సెప్పులు! కళ్ళం మీదికి సెప్పుల్తో వత్తారేటి? ఇప్పి రా."

చెప్పులు విప్పి ఓ అంచున కూర్చుని గీసుకున్నాను. ఆవిడ లోటాతో అంబలి ఇచ్చింది. తాగి వచ్చాను.

ఇప్పుడు ఆ రాయి నడిమధ్యన జెండా కర్ర నిలబెట్టాను. చుట్టూ వంద మంది జనం. ఒక ముసలాయన తాడు లాగుతున్నాడు. పక్కన టోపీ, బూట్లతో ఒక అధికారి. కుడి మూలలో ఎప్పటిలాగే ఈక మనిషి. కళ్ళంలోకి చెప్పులతో ఎవరూ రారని కొండ మీదా తెలుసు, కింద మా ఊళ్ళోనూ తెలుసు. చిన్నప్పుడు నేను అలా ఎక్కినందుకు మా నాన్న నా వీపు వాయగొట్టాడు కూడా. అయినా బూట్లు పెట్టాను. ఎందుకంటే బొమ్మ కింది భాగం తేలిపోతోంది, నల్ల రంగు పడితే బరువు కుదురుతుంది. బరువు బాగా కుదిరింది.

ముక్కు

మెరిసే కాగితం మీద అచ్చు వేసి, బంగారు అంచు ఫ్రేములు కట్టించి, ఆశ్రమ పాఠశాలలకి, ఆసుపత్రులకి, గెస్టు హౌసులకి పంపారు. వచ్చిన ప్రతి పెద్దమనిషికీ శాలువాతో పాటు ఒకటి ఇచ్చారు. కాఫీ పొడి పొట్లం ఇచ్చి ఉంటే ఇంటికెళ్ళాక తాగేవారు. బొమ్మ కాబట్టి నమ్మారు.

కొన్ని నెలలకి ఒక స్కూలుకి వెళ్ళాను. గోడ మీద నా బొమ్మ, దాని కింద పిల్లలు రాసిన చార్టు. మన్యంలో తొలి జెండా ఎలా ఎగిరిందో అందులో ఎనిమిది పాయింట్లు. వాన పడుతోందట, జెండా ఎగరగానే ఆగిపోయిందట. బొమ్మలో వాన లేదు. చిన్నవాళ్ళు నాకంటే బాగా గీశారు. టీచరు నాకు దండం పెట్టింది. నేనూ పెట్టాను.

తర్వాత ఒక నాయకుడు ఆఫీసుకి వచ్చాడు. తాడు లాగుతున్నది వాళ్ళ తాతగారే అన్నాడు.

"ముక్కు చూడండి సార్. ఇంకెవరికైనా ఉందా ఈ ముక్కు?"

ఉంది. ఆయనకి కాఫీ అందిస్తున్న సింహాచలానికి ఉంది. ముసలాయన ముఖం కుదరక, ఎదురుగా ఉన్నాడని అతని ముక్కే గీశాను. పది రోజులకి కొయ్యూరు వైపు నుంచి ఇంకో కుటుంబం వచ్చింది. ఆ ముక్కు తమదేనని పాత ఫోటోతో సహా కూర్చున్నారు. వాళ్ళు వెళ్ళాక సింహాచలం నా గదిలోకి వచ్చాడు.

"ఒక్క నెల్లో రెండు వంశాలు పుట్టుకొచ్చేయండి నా ముక్కుకి. ఏ మనవడైనా ఓ టీ ఇప్పిస్తే బాగుణ్ణు."

ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం. ఆ రోజు ఆఫీసరు గది తలుపు తోసి ‘ముక్కు మన సింహాచలానిదండీ’ అంటే వ్యవహారం అక్కడితో ముగిసిపోయేది. నవ్వుకుని ఇంటికి వెళ్ళిపోయాను.

కొంచెం ఎడమకి

వెనక నొక్కుపడ్డ కొండని ఒక ఇంజనీరు గుర్తుపట్టాడు. ఊరు దొరికింది. ఊరు దొరికితే స్తూపం కట్టాలి. స్తూపం కట్టాలంటే కర్ర ఎక్కడ నిలిచిందో తేల్చాలి. తేల్చడానికి నిపుణుడు కావాలి. నేను బొమ్మ గీశాను కాబట్టి నిపుణుణ్ణి అయ్యాను.

విశ్వేశ్వరరావు గారు, ఇంజనీరు, ఆ నాయకుడు, నేను జీపులో వెళ్ళాం. చిలకమ్మ బల్లరాయి మీద వలిసెలు దులుపుతోంది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"ఏటి బాబూ, మల్లీ బొమ్మేత్తావా? ఇంతమందొచ్చేరు!"

ఇంజనీరు ముందుకు వచ్చాడు. "అమ్మా, మన మన్యంలో తొలి జెండా ఈ రాయి మీదే ఎగిరింది, తెలుసా?"

"ఎప్పుడు?"

"దేశానికి స్వతంత్రం వచ్చినప్పుడు."

"ఈ రాయి మీదా? మా అత్త సెప్పనేదే! కోడి తప్పిపోతే పదేళ్ళు సెప్పుకుందా ముసల్ది. ఇంత జెండా ఎగిరితే సెప్పదా?"

అందరూ నవ్వారు. నాయకుడు మాత్రం నవ్వలేదు. "పెద్దవాళ్ళు మరిచిపోతారు లెండి" అన్నాడు. విశ్వేశ్వరరావు గారు నా వైపు తిరిగారు.

"మీరు చెప్పండి సన్యాసిరావు గారూ. కర్ర సరిగ్గా ఎక్కడ?"

చిలకమ్మకి అప్పుడు అనుమానం వచ్చింది. చేట కింద పెట్టేసింది.

"కర్రేటి? ఇక్కడ కర్ర పాతుతారా? అయిదిళ్ళోలం గింజ ఎక్కడ కొట్టుకోవాలి? బాబూ, నువ్వు సెప్పు. ఆ దినం ఇక్కడే కూకున్నావు కదా. జెండా నేదు, గిండా నేదు, నాను సోళ్ళు కొడతన్నాను. సెప్పు!"

నాకింకా నాలుగు నెలల సర్వీసు ఉంది. పెన్షను కాగితాలు విశ్వేశ్వరరావు గారి బల్ల మీద ఉన్నాయి. ఆయన వాటిని ఆపేవారు కాదని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆ కాగితాలు తప్ప నా కంటికి ఇంకేమీ ఆనలేదు. వేలు చూపించాను.

"అక్కడండీ."

ఇంజనీరు సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. చూశాను. నా బొమ్మలో ఉన్న చోటికి అది ఒక జానెడు కుడికి పడింది.

"కొంచెం ఎడమకండీ" అన్నాను.

ఆ మాట నన్నెవరూ అడగలేదు. మొదటి మాట భయంతో అన్నాను అనుకుందాం. రెండోదానికి భయం సాకు పనికిరాదు. నా బొమ్మంటే నాకు ముద్దు, అంతే. తర్వాత ఒక కాగితం ఇచ్చారు, స్థలం గుర్తించినట్టు సంతకం పెట్టాను.  చిలకమ్మ కొంగు పరిచి, ఆ రాయి మీద గింజలన్నీ ఎత్తుకోవడం మొదలుపెట్టింది.

ఊరి సభ ఒప్పుకోనిదే ఏజెన్సీలో భూమి తీసుకోకూడదు. ఒప్పుకోకుండా తీసుకోలేదు కూడా. స్తూపం వస్తే రోడ్డొస్తుందని చెప్పి, సభ పెట్టి, వేలిముద్రలు వేయించారు. రోడ్డు ఎవరికి చేదు? కళ్ళం పోతుందని ఆ కాగితంలో ఎక్కడా లేదు.

నానేటి కోడినా?

కర్ర పాతడానికి రాయికి బెజ్జం వేశారు. రాయి ఈ చివర నుంచి ఆ చివరకి పగిలింది. పగులు కనబడకుండా పైన సిమెంటు పోసి, పాలరాతి పలకలు పరిచి, చుట్టూ స్టీలు కమ్మీలు పెట్టి, గేటుకి తాళం వేశారు. తాళం చెవి పాడేరులో ఉంటుంది.

ప్రారంభం రోజున నా బొమ్మని నిలువెత్తు చేయించి స్తూపం పక్కన నిలబెట్టారు. దాని ముందు ఊరివాళ్ళని నిలబెట్టి ఫోటో తీయాలి. విశాఖ నుంచి అద్దె బట్టలు, ఈకల పట్టీలు వచ్చాయి. బట్టలు తెచ్చిన కుర్రాడు చిలకమ్మ తలకి ఈక కట్టబోయాడు.

"ఇదేటి బాబూ? ఈకెందుకు? నానేటి కోడినా?"

"బొమ్మలో ఉంది కదమ్మా" అని అతను నా బొమ్మని చూపించాడు.

ఆవిడ బొమ్మని చూసింది. తన రాయిని, తన పొలాన్ని, వెనక కొండని, మూలన ఈక పెట్టుకుని నోరు తెరిచిన మనిషిని చూసింది. తర్వాత వేదిక మీద ఉన్న నన్ను చూసింది. బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. మూల ఖాళీగా ఉంటే బాగుండదని చివరికి ఆ ఈక మా సింహాచలానికి కట్టారు. తన ముక్కుతో ఒక తాత పైన జెండా ఎగరేస్తుంటే, కింద చోడవరం గిరిజనుడు బుద్ధిగా నోరు మూసుకుని నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు, ముఖ్య అతిథి ఉన్నారు కదా. ఆ సభలో నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

తప్పు కట్టడం

రిటైరయ్యాక నిద్ర పట్టక అర్జీ పెట్టాను. అది ఊహాచిత్రం, అక్కడ జెండా ఎగిరిందనడానికి ఆధారం లేదు, ఆ కళ్ళం ఊరికి తిరిగి ఇవ్వండి అని రాశాను. కొత్తగా వచ్చిన అధికారి నా సంతకం ఉన్న పాత కాగితం తీసి ముందు పెట్టాడు. మర్యాదగానే అడిగాడు.

"అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెబుతున్నారా సార్?"

ఏది చెప్పినా అబద్ధాలకోరుని నేనే. జెండా కర్ర మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఆ తర్వాత ఊరికి వెళ్ళాను. చెప్పిన రోడ్డు వచ్చింది, స్తూపం దాకా. చిలకమ్మ చోడి వెన్నులు ఆ తారు మీద పరిచి కూర్చుంది. జీపులు వాటి మీదుగా తొక్కుకుంటూ పోతున్నాయి. నన్ను చూసి లేవలేదు.

"సూడొచ్చేవా? సూడు. గింజతో పాటు ఇసక తింటన్నాం."

"తప్పు నాదే అమ్మా."

"నాకొక్కద్దానికి సెప్తే ఏటవుద్ది? అది అయిదిళ్ళ కళ్ళం. ఊరికి సెప్పు."

తప్పు చేసినవాడు పెద్దల ముందు నేల మీద కూర్చుని, చేసింది తన నోటితో తనే చెప్పాలి. అది ఆ ఊరి పద్ధతి. కాగితం పనికిరాదు, ఇంకొకరు వచ్చి చెప్పినా చెల్లదు. ముప్ఫై ఏళ్ళు అర్జీల మధ్య బతికినవాణ్ణి, నోటితో చెప్పడం ఇంత కష్టమని తెలియదు. బొమ్మ సంగతి, ముక్కు సంగతి, వేలు సంగతి అన్నీ చెప్పాను. ఎడమకి జరపమన్నది అన్నిటికంటే చివర చెప్పాను.

"ఆ దినం నేదని సెప్పుంటే ఆగేదా?" ఊరి పెద్ద అడిగాడు.

"ఆగేదేమో."

"ఏమో కాదు. ఆగేదా?"

"ఆగేది."

వెనక నుంచి ఒక ముసలాయన లేచాడు. "బొమ్మలో బూట్లోణ్ణి కళ్ళం ఎక్కించింది కూడా నువ్వేనా?"

"నేనే."

"అది యేరే తప్పు."

బూట్లకి తప్పు కింద రెండు కోళ్ళు, ఊరందరికీ భోజనం నా మీద వేశారు. రాయికి మాత్రం వస్తువుతో సరిపెట్టలేదు. పొలం పైన ఇంకో జాగాలో మట్టి కళ్ళం చేయాలి, అదీ నా చేతులతో. వానలకి మట్టి కళ్ళం కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా కోతలకి ముందు వచ్చి మళ్ళీ చేయాలి. ఎన్నేళ్ళని అడిగాను. "రాయి అతుక్కునే దాకా" అన్నాడు ఊరి పెద్ద. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఇది మూడో ఏడు. గడ్డి చెక్కి, మట్టి తడిపి, దిమ్మిసతో కొట్టి, కాళ్ళతో తొక్కి, పేడ నీళ్ళతో అలకాలి. ఆరాక మళ్ళీ అలకాలి. మా ఆవిడ మోకాళ్ళకి నూనె రాస్తూ తిడుతుంది. స్తూపం ఇంకా ఉంది. ప్రతి ఆగస్టులో గేటు తెరుస్తారు, బొమ్మకి దండ వేస్తారు. స్కూళ్ళలో చార్టులు మారలేదు. నేను గీసింది తుడిచే శక్తి నాకు లేదు. ఆ అయిదిళ్ళ గింజల్లో ఇసక లేకుండా చూడటం ఒక్కటే నా చేతిలో ఉంది. కొత్తగా వచ్చిన అమ్మాయికి నేర్పగలిగింది ఇంతకంటే నా దగ్గర లేదు.

మొన్న కళ్ళం పూర్తి చేసి నడుం పట్టుకుని నిలబడ్డాను. తడి ఆరుతూ నున్నగా కనిపించింది. నా చేతి పనిని చూసి నాకు ముచ్చటేసింది, పాత జబ్బు. చిలకమ్మ వచ్చి అరికాలితో అంతా రాసి చూసింది. ఒకచోట ఆగింది.

"ఇక్కడ నెర్ర ఇచ్చింది. గింజ దూరిపోద్ది."

"ఆరితే సర్దుకుంటుందేమో అమ్మా."

"సర్దుకోదు. అటు మబ్బేసింది సూడు. బేగి అలుకు."

నేను పేడ బకెట్టు తేవడానికి వెళ్ళాను.